మన ట్రూప్‌కి మన ప్యాచ్: గీసే ముందు తెలుసుకోవాల్సిన రూల్స్

ఈ రోజు ఎపిసోడ్ చాలామంది అడుగుతున్న టాపిక్ మీద. స్కౌట్ ట్రూప్‌కి సొంతంగా ప్యాచ్ చేయించుకోవచ్చా? చేయిస్తే దాని మీద ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు? నేను టెక్సాస్‌లో ఒక ట్రూప్‌కి వాలంటీర్‌ని. మా దగ్గర సగం మంది తెలుగు పిల్లలే. కాబట్టి నేను చెప్పేది ముఖ్యంగా స్కౌటింగ్ అమెరికా రూల్స్. పేరు కొత్తగా అనిపిస్తే కంగారు పడకండి, 2025 ఫిబ్రవరి దాకా అదే బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా. ఇండియాలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉన్నవాళ్ల కోసం కూడా చివరి వైపు కాస్త చెప్తాను.

ముందు ఒక విషయం చెప్తా, ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో అర్థమవుతుంది. నాకు తెలిసిన ఒక ట్రూప్ వాళ్లు సమ్మర్ క్యాంప్ కోసం వంద ప్యాచ్‌లు ఆర్డర్ పెట్టారు. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిన షాపు. డిజైన్ చాలా బాగుంది, మధ్యలో పెద్ద స్కౌట్ గుర్తు, కింద ట్రూప్ నంబర్. పార్సెల్ వచ్చింది, పిల్లలు ఎగిరి గంతేశారు. కౌన్సిల్ వాళ్లు చూసి, ఇవి పంచడానికి వీల్లేదన్నారు. పిల్లలు పాప్‌కార్న్ అమ్మి కూడబెట్టిన డబ్బు అది. ఆ డబ్బాలు ఇప్పటికీ ఎవరి గ్యారేజ్‌లోనో ఉన్నాయి.

డిజైన్‌లో అసభ్యం ఏమీ లేదు, కుట్టులో లోపం లేదు. మరి తప్పెక్కడ? ఆ గుర్తులో. మూడు రేకుల లిల్లీ పువ్వులా ఉంటుంది చూడండి, దాన్ని ఫ్లర్ డి లీ అంటారు. దాని మీద గద్ద, రెండు నక్షత్రాలు కలిపిన రూపం ఈ సంస్థ సొంత గుర్తు. అమెరికా కాంగ్రెస్ 1916లో ఈ సంస్థకి ఒక చార్టర్ ఇచ్చింది. చిహ్నాలు, బ్యాడ్జ్‌లు, కొన్ని మాటలు వాడుకునే హక్కు వాళ్లకే అని అందులో ఉంది. అందుకే ఆ గుర్తు ఉన్న ప్యాచ్‌ని లైసెన్స్ ఉన్న తయారీదారు దగ్గరే చేయించాలి, కౌన్సిల్ అనుమతి ఉండాలి. "మేం కూడా స్కౌట్లమే కదా, మా గుర్తు మేం వాడుకుంటే ఏంటి?" అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనం సభ్యులం, ఓనర్లం కాదు. కాలేజీ స్టూడెంట్ కాలేజీ సీలు సొంతంగా చేయించుకోలేడు కదా, ఇదీ అంతే.

దీనికి ఈజీ దారి ఒకటుంది. ఆ గుర్తులు లేకుండా డిజైన్ చేయడం. ట్రూప్ నంబర్, ఊరి పేరు, క్యాంప్ జరిగిన చోటు, సంవత్సరం, మీరు గీసిన బొమ్మ. నిజం చెప్పాలంటే, నేను చూసిన మంచి ప్యాచ్‌ల్లో ఎక్కువ శాతం ఇలాంటివే. పెద్ద గుర్తు మధ్యలో పెట్టేస్తే మిగతా బుర్ర పనిచేయడం ఆగిపోతుంది, అది నా అభిప్రాయం. అయినా డిజైన్‌ని ఆర్డర్‌కి ముందు మీ కౌన్సిల్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి చూపించండి. ఒక్క మెయిల్.

ఇప్పుడు రెండో ప్రశ్న. దీన్ని ఎక్కడ కుడతారు? డిజైన్ కంటే ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే యూనిఫాం మీద ప్రతి చోటుకీ ఒక అర్థం ఉంది. ఎడమ భుజం మీద కౌన్సిల్ ప్యాచ్, దాని కింద ట్రూప్ నంబర్. కుడి భుజం మీద అమెరికా జెండా, దాని కింద ప్యాట్రోల్ గుర్తు. పెట్రోల్ కాదండోయ్, ప్యాట్రోల్. అంటే ట్రూప్‌లో ఆరేడుగురు కలిసి ఉండే చిన్న గ్రూప్. క్యాంపుల్లో ఇచ్చే ప్యాచ్‌ల్ని టెంపరరీ ప్యాచ్‌లు అంటారు, వాటి చోటు కుడి జేబు. అదీ ఒకసారికి ఒక్కటే. పది క్యాంపులకి వెళ్తే పది తగిలించుకుని తిరగడం కుదరదు. మిగతావి దుప్పటి మీద కుట్టుకుంటారు, లేదా బ్యాక్‌ప్యాక్ మీద, ఆల్బమ్‌లో. ప్యాచ్ దుప్పట్లు చూశారా ఎప్పుడైనా? కొన్ని చూస్తే ఒక మనిషి బాల్యం మొత్తం పరిచినట్టు ఉంటుంది.

ప్యాట్రోల్ గుర్తు అయితే సుమారు రెండు అంగుళాల గుండ్రం. జేబు ప్యాచ్ అయితే మూడు అంగుళాల దగ్గర్లో ఉంటే చూడ్డానికి బాగుంటుంది. ఒక జాగ్రత్త: ఒకటిన్నర అంగుళం గుండ్రం, ఆకుపచ్చ అంచు పెట్టకండి. అది మెరిట్ బ్యాడ్జ్‌లా కనిపిస్తుంది. ఈగిల్ ర్యాంక్‌కి కావాల్సినవి 21 మెరిట్ బ్యాడ్జ్‌లు, ఒక్కోదాని వెనకా బోలెడు పని ఉంటుంది. ఎవరో చెమటోడ్చి సంపాదించినదానికి నకలులా ఉండే వస్తువు మనం పంచకూడదు. మిలిటరీ యూనిఫాం బ్యాడ్జ్‌ల్లా ఉండేవీ వద్దు.

మూడోది, అసలు గొడవ ఇక్కడే వస్తుంది. బొమ్మ ఎవరిది?

మా ట్రూప్‌లో ఒక ప్యాట్రోల్ పిల్లలు "నల్లమల టైగర్స్" అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరి అమ్మమ్మ తాతయ్యలది కర్నూలు వైపు. నల్లమలలో ఉన్న నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ దేశంలోకెల్లా పెద్దదని తాతయ్య చెప్పారట. ఇంకేముంది, పేరు ఫిక్స్. కానీ పులి బొమ్మ మాత్రం ఒక సినిమా పోస్టర్ నుంచి తెచ్చారు. నేను కుదరదన్నాను. "అంకుల్, మనం అమ్మట్లేదు కదా, ఆరుగురికే కదా" అన్నారు. అమ్మకపోయినా కాపీ కాపీయే. స్పైడర్‌మ్యాన్ అయినా, మన హీరో బొమ్మ అయినా, క్రికెట్ టీమ్ లోగో అయినా సంగతి అదే. గూగుల్‌లో దొరికింది అంటే ఫ్రీగా ఇచ్చారని కాదు. ఇంకో పిల్లాడు ఏఐ యాప్‌తో ఒక పులిని చేసి తెచ్చాడు. చూడ్డానికి అదిరింది, కానీ మీసాలు నూటయాభై, రంగులు లెక్కలేనన్ని. సూదీ దారంతో దాన్ని కుట్టలేం.

చివరికి వాళ్లలో ఒకమ్మాయి, పదమూడేళ్లు, నోట్‌బుక్ వెనక పేజీలో పులి ముఖం గీసింది. చెవులు కొంచెం పిల్లిలా ఉన్నాయి. అదే పెట్టాం. ఆ అమ్మాయి ఇష్టం, వాళ్ల అమ్మగారి అనుమతి కాగితం మీద రాయించుకున్నాం. చిన్నపిల్ల కదా అని ఊరికే తీసుకోకూడదు, ఆ బొమ్మ ఆమెది. ఆ అమ్మాయి నాన్న అయితే బొమ్మ కింద పూర్తి పేరు వేయిద్దామన్నారు. వద్దన్నాను. ఈ ప్యాచ్ ఎవరెవరి చేతులు మారుతుందో తెలీదు, పిల్లల పూర్తి పేరు దాని మీద ఉండక్కర్లేదు. మూలన పొడి అక్షరాలు పెట్టాం.

సరే, ఇప్పుడు కుట్టు సంగతి. అమ్మకి మగ్గం వర్క్ బ్లౌజ్ చేయించేటప్పుడు షాపులో చూసుంటారు. ఫోన్‌లో చూపించిన డిజైన్ వేరు, గుడ్డ మీదికి వచ్చేది వేరు. ఇక్కడా అంతే. మెషీన్ ఎంబ్రాయిడరీలో మామూలుగా వాడే దారం మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నని గీత అందులో రాదు. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా కరిగిపోయే షేడ్ కూడా సరిగా రాదు. ఆరేడు రంగుల్లో ఆపేయండి. ఫోన్ స్క్రీన్ మీద డిజైన్‌ని అసలు సైజుకి, అంటే మూడు అంగుళాలకి కుదించి, చేయి చాచి పట్టుకుని చూడండి. ఏం కనిపించలేదో అది తీసేయండి.

అంచులు రెండు రకాలు. ఒకటి మెర్రో అంచు, గుండ్రంగా తాడు చుట్టినట్టు లావుగా ఉంటుంది, గట్టిది. కానీ గుండ్రం, కోడిగుడ్డు ఆకారం, చతురస్రం లాంటి వాటికే సరిపోతుంది. పులి చెవుల్లాంటి వంపులుంటే వేడితో కత్తిరించే అంచు కావాలి. వెనక జిగురు ఉన్నవి ఇస్త్రీతో అంటుకుంటాయి, కొన్ని ఉతుకులయ్యాక లేస్తాయి. నేనైతే కుట్టమనే చెప్తాను. సూదిలో దారం ఎక్కించడం రాని స్కౌట్ ఉండకూడదు.

తెలుగు అక్షరాలు పెట్టాలనుకునే వాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఇంగ్లీష్ పెద్దక్షరాలైతే ఐదారు మిల్లీమీటర్ల ఎత్తులో చదవగలం. తెలుగుకి అది చాలదు. మనకి గుండ్రాలెక్కువ, పైన గుడులు, కింద వత్తులు. చిన్నగా కుడితే లోపలి ఖాళీలు దారంతో పూడిపోతాయి. "ధైర్యం" అని రాయించాం అనుకోండి, ధ కింద ఉండే చిన్న గీత కలిసిపోతే అది "దైర్యం" అయిపోతుంది. వత్తు కాకుండా అక్షరం ఒక్కటే ఎనిమిది మిల్లీమీటర్లు ఉండేలా నేను పెట్టిస్తాను. ఒక్క పదం చాలు, వాక్యం వద్దు. ఇంకోటి, తయారీ చేసేవాళ్ల కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే వత్తులు విడిపోతాయి. "స్నేహం" కాస్తా "స్‌నేహం" అయి కూర్చుంటుంది. వాళ్లకి తెలుగు రాదు కాబట్టి తప్పని వాళ్లకి తెలీదు. అందుకని అక్షరాల్ని టైప్ చేసి పంపకండి, బొమ్మగా, అంటే అవుట్‌లైన్‌గా మార్చి వెక్టర్ ఫైల్ పంపండి. తర్వాత ఒక శాంపిల్ కుట్టి ఫోటో పంపమనండి. ఆ ఫోటోని తెలుగు బాగా చదివే పెద్దవాళ్లకి చూపించండి. మా ట్రూప్‌కి ఆ పని ఒక బామ్మగారు చేస్తారు, ఆవిడ ఓకే అనేదాకా ఆర్డర్ వెళ్లదు.

ఇండియాలో వాళ్లకి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబర్ 7న ఏర్పడింది. వాళ్ల గుర్తులో స్కౌట్ల లిల్లీ, గైడ్ల మూడాకు, మధ్యలో అశోక చక్రం ఉంటాయి. యూనిఫాం, బ్యాడ్జ్‌ల నియమాలు ఏపీఆర్‌ఓ అనే రూల్ బుక్‌లో ఉంటాయి, మీ స్కౌట్ మాస్టర్ దగ్గర అడగండి. దీనికి తోడు దేశ చట్టాలున్నాయి. మూడు సింహాల ముద్రని ఇష్టం వచ్చినట్టు వాడకుండా 2005లో చట్టం వచ్చింది. జాతీయ జెండా విషయంలో 1971 చట్టం ఉంది. రుమాళ్లు, దిండ్లు, డ్రెస్ మెటీరియల్ మీద జెండాని ఎంబ్రాయిడరీ చేయడం దాని ప్రకారం అవమానం కిందికి వస్తుంది. దేశభక్తితోనే చేసినా సరే. కాబట్టి జెండా బదులు మీ జిల్లా కొండో, కోటో, పక్షో పెట్టుకోండి. ఓరుగల్లు తోరణం గీస్తే చూడగానే ఎక్కడివాళ్లో తెలిసిపోదూ?

ఇంకొక్కటి, ట్రేడింగ్. జంబోరీల్లో ప్యాచ్‌లు మార్చుకోవడం పెద్ద సరదా. పిల్లలు పిల్లలతో, పెద్దవాళ్లు పెద్దవాళ్లతో మార్చుకోవాలి. ఎవరైనా పెద్దాయన మీ దగ్గరికొచ్చి "ఇది అరుదైనది, నాకివ్వు" అంటే వద్దని చెప్పి మీ లీడర్‌కి చెప్పండి. మొహమాటం అక్కర్లేదు. ఆర్డర్ పెట్టేటప్పుడు మార్చుకోవడానికి కూడా కలిపి లెక్కేసుకోండి. డిజైన్‌ని మెషీన్‌కి సిద్ధం చేసే పని పది ప్యాచ్‌లకైనా వందకైనా ఒకటే, అందుకే తక్కువ చేయిస్తే ఒక్కోదానికి ఎక్కువ పడుతుంది. మా నల్లమల టైగర్స్‌వి ఆరుగురికి ఆరు కాకుండా యాభై చేయించాం. ఇప్పుడు పన్నెండు మిగిలాయి. ఆ పిల్లి చెవుల పులికి బయట డిమాండ్ బాగానే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో యూనిఫాం మీద ప్యాచ్ చేత్తో ఎలా కుట్టాలో చూపిస్తాను. సూది, దారం, ఒక పాత చొక్కా దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఉంటాను మరి.