ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌కు అంత వేడి ఎందుకు?

ఎండల్లో ల్యాప్‌టాప్ వేడెక్కడం వింతేమీ కాదు. ఒక్క ప్రోగ్రామూ తెరవకుండానే ఫ్యాన్ హోరెత్తితే మాత్రం కారణం వెతకాల్సిందే.

లినక్స్‌లో 'టాప్' ఆదేశం ఇస్తే, కొన్నిసార్లు 'కేవర్కర్' ఒక కోర్‌ను దాదాపు మొత్తం తినేస్తూ కనిపిస్తుంది. అది వైరస్ కాదు, కెర్నెల్ సొంత పనివాడే! మూత వేశారనీ ఛార్జర్ పెట్టారనీ హార్డ్‌వేర్ కబురు పంపేది ఏసీపీఐ ద్వారా. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా 1996లో తెచ్చిన పద్ధతి ఇది. ఫర్మ్‌వేర్‌లోనో కెర్నెల్‌లోనో లోపముంటే ఒకే కబురు ఆగకుండా వస్తూ ఉంటుంది; దాన్ని అందుకోవడంలోనే కేవర్కర్ మునిగిపోతుంది.

ఏసీపీఐ ఇంటరప్ట్‌ల ఫోల్డర్‌లో ప్రతి సంకేతానికీ ఒక ఫైల్, అందులో దాని లెక్క ఉంటుంది. 'జీపీఈ13' లాంటిది ఒక్కటే లక్షలు దాటి పరుగెడుతుంటే దొంగ దొరికినట్టే. రూట్ అనుమతితో ఆ ఫైల్‌లో 'డిజేబుల్' అని రాస్తే ఫ్యాన్ నెమ్మదిస్తుంది.

రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే. పైగా మూత, బ్యాటరీ కబుర్లూ ఆ దారినే వస్తుంటే అవీ ఆగిపోతాయి. అందుకే బయోస్, కెర్నెల్ అప్‌డేట్‌లు వచ్చాక ఆ అడ్డు పెట్టకుండానే ఒకసారి నడిపి చూడాలి.