పాతపాళ్య పూర్వీకులు: అపోహలు – వాస్తవాలు

కర్ణాటకలో చిక్కబళ్లాపురం జిల్లా, బాగేపల్లి ప్రాంతంలోని పాతపాళ్య చుట్టుపక్కల వంశవృక్షం రాయబోయేవారిలో చాలామందిది ఒకటే నమ్మకం: ఇంట్లో తెలుగు మాట్లాడతాం గనుక మన పెద్దలు ఎప్పుడో ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లే. కానీ ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందే 1953లో. భాషను బట్టి రాష్ట్రాల హద్దులు గీసింది 1956లో. ఈ సీమలో తెలుగు అంతకంటే చాలా పాతది. శాసన పరిశోధకుడు రైస్ దొర 1905లో అచ్చువేయించిన కోలారు జిల్లా శాసనాల సంపుటంలో కన్నడంతోపాటు తెలుగు శాసనాలూ ఉన్నాయి. కొన్ని కుటుంబాలు నిజంగానే వలస వచ్చి ఉండొచ్చు. కానీ దానికి భాష సాక్ష్యం కాదు.

వెతుకులాటకు అక్కరకొచ్చే హద్దు వేరే ఉంది. టిప్పు పతనం తర్వాత, 1799లో, ఇటువైపు నేల మైసూరు ఒడెయర్లకు దక్కింది. పక్కనున్న సీమను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పటినుంచి పొరుగూళ్ల లెక్కలు రెండు వేర్వేరు దొరతనాల చేతుల్లో పడ్డాయి: ఇక్కడ శానుభోగు కన్నడంలో రాస్తే, అక్కడ కరణం తెలుగులో రాశాడు. జిల్లాలూ నిలకడగా లేవు. చిక్కబళ్లాపురం 2007 దాకా కోలారులోనే ఉంది. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాది. కదిరి వైపు నుంచి వచ్చిన ముత్తాత కోసం అనంతపురం పాత దస్త్రాల్లో వెతికి, దొరకలేదని వదిలేస్తే తప్పు దస్త్రానిది కాదు.

ఇంటిపేరు కలిస్తే వంశం ఒకటే అనడం మరో అపోహ. ఊరిపేరే ఇంటిపేరైన చోట, ఆ ఊరు వదిలిన వేర్వేరు కులాలవాళ్లకూ అదే పేరు ఉండొచ్చు. ఇక గుమ్మనాయకనపాళ్యం పాళెగాళ్ల వారసులమనో, విజయనగర దండులో వచ్చామనో చెప్పుకోవడం సరదాగానే ఉంటుంది. కానీ తరానికి పాతికేళ్లు వేస్తే, విజయనగరం కూలిన 1565 నాటికి పద్దెనిమిది తరాలు. ఆ మెట్టు మీద ఒక్కో మనిషికి రెండున్నర లక్షలకు పైగా పూర్వీకుల స్థానాలుంటాయి. అందులో ఒక్కరిని ఏరి వంశకర్త అనడం అభిమానం, చరిత్ర కాదు. అమెరికాలోనూ ఈ మోజు ఉంది: 1620లో మేఫ్లవర్ ఓడలో అక్కడికి వెళ్లింది 102 మంది ప్రయాణికులే, వాళ్ల వారసులమని చెప్పుకునేవారు మాత్రం ఎందరో. అయితే ఆ వారసుల సంఘంలో చేరాలంటే మధ్యనున్న ప్రతి తరానికీ రుజువు చూపాలి. మనకూ ఆ పద్ధతే మేలు.

వాళ్లకు చర్చి రిజిస్టర్లున్నాయి, మనకేమున్నాయి అంటారు. పహాణీలు, మ్యుటేషన్ పత్రాలు, ఇనాం దస్త్రాలు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. భూమి లేనివారి మాటేమిటన్నది ఇంతకంటే బలమైన ప్రశ్న. తోటి, తలారి, నీరగంటి వంటి ఊరి చాకిరీ చేసిన కుటుంబాల పేర్లు సేవా ఇనాముల్లోనూ, 1961 నాటి గ్రామాధికారాల రద్దు చట్టం కింద భూములు తిరిగి ఇచ్చిన ఫైళ్లలోనూ కనిపిస్తాయి. జీతగాళ్లుగా బతికినవారి జాడ మాత్రం కాగితం మీద చాలా తక్కువ. అది రాసినవాళ్ల అన్యాయం, వంశం లేకపోవడం కాదు. పిచ్చుకుంట్లవారు, కన్నడంలో హెళవలు, తమను పోషించిన కులాల వంశావళిని నోటితో నిలిపారు. దాన్ని కొట్టిపారేయకూడదు, కాగితంతో సరిచూడాలి. ముందు ఇంట్లోని పెద్దల మాట రాసుకోండి. తర్వాత తాతగారి పేరు మీదున్న సర్వే నంబరు పట్టుకుని తాలూకా రికార్డు గదికి వెళ్లండి.