కోతికొమ్మచ్చిలో దాగిన స్ప్రింగు

వేసవి సెలవుల్లో మా చాట్రాయి చుట్టుపక్కల మామిడి తోటల్లో పిల్లలు కోతికొమ్మచ్చి ఆడటం మామూలే. కొమ్మ మీద నుండి దూకుతారు. కాళ్లు నేలను తాకీ తాకగానే లేచి పరుగు తీస్తారు. క్రీడాశిక్షకులు ‘ప్లయోమెట్రిక్స్’ అని పిలిచే వ్యాయామం ఇంచుమించు ఇదే! తొక్కుడుబిళ్లలోని ఒంటికాలి గెంతులూ ఆ జాతివే.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. కుడిచేతి వేళ్లకు సుద్దపొడి రాసుకుని గోడ పక్కన నిలబడండి. ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి ఉంచండి. మోకాళ్లు సగం వంచి, మనసులో మూడు లెక్కపెట్టి, ఇంకా వంగకుండా ఎగిరి గోడను తాకండి. రెండవసారి నిటారుగా నిలబడి, చటుక్కున వంగి, ఆగకుండా ఎగరండి. చాలామందికి రెండవ గుర్తే కొన్ని సెంటీమీటర్లు పైన పడుతుంది. కాళ్లు అవే, కండరాలూ అవే. మరి ఈ తేడా ఎక్కడిది?

చటుక్కున వంగినప్పుడు, కిందికి జారే శరీరాన్ని ఆపడానికి తొడ, పిక్క కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. అందుచేత పైకి లేవబోయే క్షణానికే వాటి బలం సిద్ధంగా ఉంటుంది. అదే సమయంలో కండరాలను ఎముకలకు కలిపే టెండాన్లు రబ్బరు పట్టీల్లా సాగి కొంత శక్తిని దాచుకుని, వెంటనే తిరిగి ఇస్తాయి. మడమ వెనుక తాడులా చేతికి తగిలేది అలాంటి టెండానే. వంగినచోట ఆగిపోతే ఈ లాభం చాలావరకు పోతుంది.

1960లలో సోవియట్ శిక్షకుడు యూరి వెర్హోషాన్‌స్కీ, ఎత్తు మీద నుండి దిగి వెంటనే ఎగిరే పద్ధతిని క్రీడాకారులకు నేర్పాడు. 1975లో అమెరికా శిక్షకుడు ఫ్రెడ్ విల్ట్ దీనికి ప్లయోమెట్రిక్స్ అని పేరు పెట్టాడు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 12.78 సెకన్లలో ముగించింది. దారిలో 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న అడ్డంకులు పది! అలాంటి పరుగులో పాదం నేల మీద నిలిచేది సెకనులో పదో వంతు మాత్రమే. అంత తక్కువ సమయంలో బలాన్ని చూపగలగడమే విస్ఫోటక శక్తి.

అయితే ఇందులో ప్రమాదమూ ఉంది. 50 కిలోల పిల్లవాడు 45 సెంటీమీటర్ల అరుగు మీద నుండి దూకాడనుకోండి. కాళ్లు బిగబట్టి 5 సెంటీమీటర్లలోనే ఆగితే, మొత్తం 50 సెంటీమీటర్ల పతనశక్తిని ఆ 5 సెంటీమీటర్లలోనే అణచాలి. అంటే కాళ్ల మీద సగటున పది రెట్ల బరువు, 500 కిలోలు! మోకాళ్లు, తుంటి వంచి 30 సెంటీమీటర్లలో ఆగితే? 75ని 30తో భాగించండి. రెండున్నర రెట్లే, అంటే 125 కిలోలు.

నా విద్యార్థి ఒకడు హైజంపులో నెగ్గాలని రోజూ ఇంటి పిట్టగోడ మీద నుండి సిమెంటు వాకిట్లోకి పదేపదే దూకేవాడు. మూడు వారాలకు మోకాలిచిప్ప కింద వాచింది. ఎదిగే వయసులో తొడ కండరపు టెండాన్ అతుక్కునే ఆ చోట ఇంకా మెత్తని మృదులాస్థి ఉంటుంది. మాటిమాటికీ లాగితే అది ఓర్చుకోలేదు. పోటీల రోజున వాడు గట్టు మీద కూర్చుని తోటివాళ్ల చెప్పులకు కాపలా కాశాడు. వాడికి నేను ముందే చెప్పి ఉండవలసిన మాటలు ఇవి:

ఎగరడం కంటే ముందు దిగడం నేర్చుకోండి. చప్పుడు కాకుండా దిగితే సరిగా దిగినట్లే. దిగినప్పుడు మోకాళ్లు లోపలికి వాలకూడదు; పాదాల వైపే చూడాలి.

సిమెంటు, తారురోడ్డు వద్దు. గడ్డినేల గాని, దున్నిన మెత్తని నేల గాని మంచిది. పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వెచ్చబడ్డాకే మొదలుపెట్టండి.

మొదట ఉన్నచోటనే చిన్న గెంతులు, తాడాట చాలు. ఆరు నుండి పది గెంతులు, కాస్త విశ్రాంతి, మళ్లీ గెంతులు. వారానికి రెండు రోజులు మించవద్దు. మధ్యలో కనీసం రెండు రోజులు విరామం ఉండాలి. కండరం బలపడేది విశ్రాంతిలోనే. ఎత్తు మీద నుండి దూకే వ్యాయామాలు వ్యాయామోపాధ్యాయుని ఎదుటనే చేయండి.

నొప్పి పుడితే ఆ రోజుకు ఆపండి. తగ్గకపోతే పెద్దలకు చెప్పి డాక్టరుకు చూపించుకోండి. నొప్పిని ఓర్చుకోవడం వీరత్వం కాదు.

ఈసారి తోటలో కొమ్మ దిగేటప్పుడు చెవి పెట్టి వినండి. దబ్బున మోగిందా, పిల్లి దూకినట్లుందా? మీ మోకాళ్ల క్షేమం ఆ చప్పుడే చెబుతుంది.