ఎవరు బతికారు, ఎవరు పోయారు? మాస్ ఎఫెక్ట్ 2 ఆడిన కోనసీమ బ్యాచ్ కబుర్లు

మా అమలాపురంలో గేమ్ అంటే ఫోనే. గడియారస్తంభం సెంటర్‌లో టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారంటే బీజీఎంఐయో, ఫ్రీ ఫైరో నడుస్తోందని అర్థం. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మీద నిషేధం పడ్డప్పుడు కొందరి ముఖాలు చూడాలి, ఇంట్లో మనిషి పోయినట్టే! అయితే ఇదే ఊళ్లో ఇంకో చిన్న బ్యాచ్ కూడా ఉంది. వీళ్లకి ర్యాంకులతో పనిలేదు. రాత్రి రెండింటికి ఒక్కళ్లే కంప్యూటర్ ముందు కూర్చుని, వేరే గ్రహం నుంచి వచ్చిన డాక్టర్‌తో ఒక జాతికి పిల్లలు పుట్టకుండా చేయడం తప్పా ఒప్పా అని వాదించుకుంటారు. నేనూ ఆ బ్యాచే.

మేం అంతగా మాట్లాడుకునే గేమ్ పేరు 'మాస్ ఎఫెక్ట్ 2'. వచ్చింది 2010 జనవరి 26న. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నారు. చేసింది కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉండే బయోవేర్ సంస్థ. మొదటి భాగం 2007 నవంబరులో, మూడోది 2012 మార్చిలో వచ్చాయి. మూడింటికీ మెరుగులు దిద్ది 2021 మే 14న 'లెజెండరీ ఎడిషన్' పేరుతో ఒక్కటిగా ఇచ్చారు. మా బ్యాచ్‌లో ముగ్గురు సేల్‌లో దాన్ని కొనే ఇందులోకి దిగారు. నా దగ్గర మాత్రం కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొన్న పాత డిస్క్ ఉంది.

ఇంతకీ ఈ లెజెండరీ ఎడిషన్‌కి కంప్యూటర్‌లో 120 జీబీ జాగా కావాలి. రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ వాడేవాళ్లు లెక్కేసుకోండి, సరిగ్గా 80 రోజులు! అందుకే రాజోలు నుంచి వచ్చే మా ఫ్రెండ్ తెలివిగా తన గేమ్‌ని హైదరాబాద్ హాస్టల్ వైఫైలో దింపుకుని, సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు హార్డ్‌డిస్క్‌లో మోసుకొచ్చాడు. ఇక్కణ్నుంచి పూతరేకులు వెళ్తాయి, అక్కణ్నుంచి గేములొస్తాయి. వ్యాపారం బాగానే ఉంది.

కథ ఎక్కడ మొదలవుతుందంటే... మన సినిమాల్లో హీరో చచ్చి బతకడం ఇంటర్వెల్ బ్యాంగ్. ఇక్కడ మొదటి పది నిమిషాల్లోనే ఆ పని అయిపోతుంది. కమాండర్ షెపర్డ్ ఓడ నార్మండీని ఎవరో పేల్చేస్తారు, షెపర్డ్ చనిపోతాడు. షెపర్డ్‌ని అమ్మాయిగా పెట్టుకుంటే చనిపోతుంది. రెండేళ్ల తర్వాత సెర్బెరస్ అనే సంస్థ కోట్లు పోసి మళ్లీ లేపుతుంది. చిక్కేంటంటే, మొదటి భాగంలో మనం కొట్టింది వాళ్లనే. ప్రాణం పోసినవాడి మాట వినాలా, వాడు చేసిన పాపాలు గుర్తుపెట్టుకోవాలా? ఆ సంస్థ పెద్ద ఇల్యూసివ్ మ్యాన్‌కి గొంతు ఇచ్చింది హాలీవుడ్ నటుడు మార్టిన్ షీన్. సిగరెట్ కాలుస్తూ నెమ్మదిగా మాట్లాడుతుంటే అబద్ధమని తెలిసీ నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో సంగతి. మొదటి భాగంలో మీరు ఏం చేశారో, ఎవర్ని బతికించారో ఆ సేవ్ ఫైల్ రెండో భాగంలోకి తెచ్చుకోవచ్చు. అక్కడ చనిపోయినవాళ్లు ఇక్కడా ఉండరు. అందుకే ఒకే గేమ్ ఆడినా మా నలుగురి కథలు నాలుగు రకాలు.

'ఆర్పీ' తీసేసి 'జీ' మిగిల్చారా?

మా బావది రావులపాలెంలో ఎరువుల కొట్టు. మొదటి భాగం మూడుసార్లు ఆడిన మనిషి. రెండోది మొదలెట్టిన రోజు రాత్రే ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా సామానంతా ఏదిరా? మొదట్లో తుపాకులు, కవచాలు మూటలు మూటలుగా ఉండేవి కదా. ఏరుకోవడం లేదు, అమ్ముకోవడం లేదు. ఆర్పీజీలో ఆర్పీ తీసేసి జీ ఒక్కటే మిగిల్చారు!" కొట్టు నడిపే మనిషికి స్టాక్ లేకపోతే ఎలా ఉంటుంది చెప్పండి.

ఆయన బాధలో నిజముంది. మొదటి భాగంలో సామాన్ల పెట్టె ఉండేది, గ్రహాల మీద తిరగడానికి మాకో అనే బండి ఉండేది. రెండో భాగంలో రెండూ ఎత్తేశారు. అంతకుముందు తుపాకీ వేడెక్కితే కాసేపు ఆగితే అదే చల్లారేది. ఇప్పుడు థర్మల్ క్లిప్పులు ఏరుకోవాలి. రెండేళ్లలో లోకమంతా ఈ పద్ధతికి మారిపోయిందని కథలో ఏదో కారణం చెప్తారు గానీ, నాకైతే అతికినట్టు లేదు. మామూలు షూటింగ్ గేమ్‌ల వాళ్లని లాగడానికి చేసిన పని అది.

కొత్తపేటలో ఉండే మా చిన్నాన్న కూతురిది పూర్తిగా ఎదురు మాట. బీటెక్ మూడో ఏడాది. "అన్నయ్యా, మొదటిదాంట్లో గురిపెట్టి కాలిస్తే గుండు ఎటుపోతోందో తెలియదు. ఆ మాకో బండైతే కొండెక్కమంటే బొంగరంలా తిరిగేది. తీసేసి మంచి పని చేశారు" అంటుంది. నా ఓటు చెల్లికే. యుద్ధాలు రెండో భాగంలోనే సరదాగా ఉంటాయి. అన్నట్టు, తను అమ్మాయి షెపర్డ్‌తోనే ఆడుతుంది. లెజెండరీ ఎడిషన్ వచ్చాక బయోవేర్ విడుదల చేసిన లెక్కల్లో 68 శాతం మంది మగ షెపర్డ్‌ని, 32 శాతం మంది ఆడ షెపర్డ్‌ని ఎంచుకున్నారట. ఆ 68 శాతానికీ జెన్నిఫర్ హేల్ గొంతు వినే అదృష్టం లేకపోయిందని చెల్లి జాలిపడుతుంది.

ఇద్దరూ కలిసి తిట్టేది ఒక్కటుంది: గ్రహాల స్కానింగ్. ఓడకి కవచాలు, ఫిరంగులు కావాలంటే ఖనిజాలు కావాలి. దానికోసం ఒక్కో గ్రహం చుట్టూ మౌస్ తిప్పుకుంటూ, గీత లేచిన చోట ప్రోబ్ వదలాలి. ఎకరం చేలో కలుపు తీసినట్టే! నడుము నొప్పి ఒక్కటే తక్కువ.

ఇదంతా నాన్నల కథే

అసలు గేమ్ మాత్రం మనుషుల్ని పోగేయడమే. తిరిగిరాని యుద్ధానికి వెళ్లాలి, దానికో జట్టు కావాలి. అదనంగా కొనుక్కునే ఇద్దర్నీ కలిపితే 12 మంది. ఒక్కొక్కరికీ ఒక సొంత బాధ ఉంటుంది. అది తీరిస్తేనే మనస్ఫూర్తిగా మన వెంట నిలబడతారు. వీటినే లాయల్టీ మిషన్లు అంటారు. గమనిస్తే వీటిలో చాలావరకు అమ్మానాన్నల గొడవలే. మిరాండా తండ్రి నుంచి చెల్లెల్ని దాచుకుంటుంది. జాకబ్ తండ్రి ఓడ కూలిన చోట రాక్షసుడై తేలతాడు. టాలీ మీద రాజద్రోహం కేసు పడుతుంది, దాని వెనకున్నది తండ్రి చేసిన ప్రయోగం. సమారా అయితే సొంత కూతుర్నే వేటాడుతోంది. తెలుగు సినిమా సెంటిమెంట్‌కి ఏమాత్రం తీసిపోదు.

వీళ్లలో థేన్ అనేవాడి కథ మా రాజోలు ఫ్రెండ్‌ని పట్టేసింది. థేన్ కిరాయి హంతకుడు. ఊపిరితిత్తుల జబ్బుతో పోతున్నాడు. పని పేరుతో ఏళ్లతరబడి ఇంటికి దూరంగా ఉన్నాడు, భార్యని శత్రువులు చంపేశారు, కొడుకుని బంధువుల దగ్గర వదిలేశాడు. ఇప్పుడా కొడుకు తండ్రి దారిలోనే మొదటి హత్య చేయబోతున్నాడు. ఆపాలి. థేన్ జాతివాళ్లకి జ్ఞాపకమంటే గుర్తురావడం కాదు, ఆ క్షణం కళ్ల ముందు మళ్లీ జరిగినట్టే ఉంటుంది.

రాజోలు వైపు ఏ వీధికెళ్లినా గల్ఫ్‌లో ఉన్న మనిషి పేరు వినపడుతుంది. మావాడి నాన్నగారు కువైట్‌లో పద్నాలుగేళ్లు చేశారు. పదో తరగతి ఫంక్షన్, అక్క పెళ్లి చూపులు, అన్నీ వీడియో కాల్‌లోనే. ఆయన వచ్చేశాక కూడా ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే మాటలుండేవి కాదట. మిషన్ చివర్లో తండ్రీ కొడుకుల్ని ఒక గదిలో వదిలేసి మనం బయటికొచ్చేస్తాం. లోపల వాళ్లు చాలాసేపు మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడారో గేమ్ మనకి పూర్తిగా చెప్పదు. "మావా, ఆ తలుపు మూసుకున్నాక నేను ఆపేశాను. కిందకెళ్లి నాన్న దగ్గర కూర్చున్నాను. కొబ్బరి రేటు ఎంతుందని అడిగాను. ఇంకేం అడగాలో తెలీలేదు" అన్నాడు. వాళ్ల నాన్నగారు మాత్రం ఆ రేటు గురించి గంటసేపు చెప్పారట.

చివరి మిషన్

ఇక్కడి నుంచి కథ బయటపడిపోతుంది. ఆడబోయేవాళ్లు ఈ ముక్క వదిలేసి కిందకెళ్లిపోండి.

చివరి మిషన్‌లో జట్టులో ఎవరైనా పోవచ్చు. అది లాటరీ కాదు. ఓడకి కవచం వేయించారా, ఎవరి బాధ తీర్చారు, ఎవరికి ఏ పని అప్పగించారు, అన్నీ లెక్కలోకొస్తాయి. అన్నీ సరిగ్గా చేస్తే అందరూ బతుకుతారు. మరీ అధ్వానంగా చేస్తే షెపర్డే పోతాడు, అప్పుడు ఆ సేవ్ మూడో భాగానికి పనికిరాదు.

పైపులో దూరి తలుపులు తెరిచే పనికి కంప్యూటర్లు తెలిసినవాళ్లు కావాలి. టాలీనో, లీజియన్‌నో పంపాలి. మా బావ థేన్‌ని పంపాడు. "వాడు సందుల్లోంచి దూరేవాడే కదా" అని ఆయన లాజిక్. తలుపు మూసుకునే లోపు రాకెట్ వచ్చి తగిలింది, థేన్ అయిపోయాడు. ఈ సంగతి విని రాజోలు వాడు బావతో రెండ్రోజులు మాట్లాడలేదు.

చెల్లిది ఇంకో కథ. ఓడ సిబ్బందిని శత్రువులు ఎత్తుకుపోయాక వెంటనే వెళ్లాలి. తను మిగతా మిషన్లన్నీ తీరిగ్గా పూర్తిచేసి వెళ్లింది. డాక్టర్ చాక్వాస్ తప్ప సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. మిగతా గేమ్‌ల్లో ప్రపంచం మునిగిపోతోందన్నా మనం వచ్చేదాకా ఆగుతుంది కదా! ఇది ఆగలేదు. ఓడలో షెపర్డ్ గదిలో చేపల తొట్టి ఉంటుంది, మేత వేయకపోతే అవీ చచ్చిపోతాయి. రొయ్యల చెరువులున్న ఇంటి పిల్ల మూడుసార్లు చేపల్ని చంపుకుంది. వాళ్ల నాన్న దగ్గర ఈ మాట ఎత్తొద్దని ఆర్డర్.

నెట్ లేని రోజులు

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. పేరుకి అంబేద్కర్ గారి పేరు చేర్చే విషయంలో మే 24న అమలాపురంలో జరిగింది దేశమంతా చూసింది. ఇళ్లు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు, నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం జిల్లా దాటారు. ఫోన్ గేములన్నీ మూగబోయాయి. నా పాత డిస్క్‌కి నెట్ అక్కర్లేదు, అందుకని అదే పెట్టుకుని కూర్చున్నాను.

మా బ్యాచ్‌లో అన్ని పేటల వాళ్లూ ఉన్నారు. ఆ వారం టీ కొట్టు మూసే ఉంది. తెరిచాక కూడా ఎవరెవరు వస్తారో తెలియని పరిస్థితి. మెసేజ్ పెడదామంటే నెట్ లేదు, ఫోన్ చేద్దామంటే ఏం మాట్లాడాలో తెలీదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా గేమ్‌లో మిరాండా, జాక్ కొట్టుకునే సీన్ వచ్చింది. జాక్‌ని చిన్నప్పుడు హింసించింది సెర్బెరస్ వాళ్లు. మిరాండా సెర్బెరస్ మనిషి. జరిగింది తప్పని ఒప్పుకోమంటుంది జాక్. మిరాండా ఒప్పుకోదు. మనం ఒకరి వైపు మాట్లాడితే రెండోవాళ్ల నమ్మకం పోతుంది. ఇద్దర్నీ నిలబెట్టుకునే డైలాగ్ ఒకటి ఉంటుంది గానీ, అంతవరకు మనం నడిచిన తీరుని బట్టి అది వెలుగుతుంది. లేదంటే అక్కడే బూడిద రంగులో కనబడుతుంటుంది, నొక్కితే పడదు. ఆ రాత్రి నాది వెలిగింది. తెల్లారి సైకిలేసుకుని ఎర్రవంతెన అవతల ఉండే స్నేహితుడి ఇంటికెళ్లాను. అరుగు మీద కూర్చుని జరిగినవాటి గురించే మాట్లాడుకున్నాం. కొన్ని విషయాల్లో వాడి మాట నేను ఒప్పుకోలేదు, నా మాట వాడూ ఒప్పుకోలేదు. వాళ్లమ్మగారు మాత్రం ఇద్దరికీ ఉప్మా పెట్టారు. తర్వాత జిల్లాకి ఆ పేరే ఖాయమైంది. వాడు ఇప్పటికీ మా బ్యాచే.

మూడోది మాత్రం అడక్కండి

మూడో భాగం ముగింపు మీద 2012లో ప్రపంచమంతా గోల చేసింది. ఇన్నేళ్లు మేం తీసుకున్న నిర్ణయాలన్నీ కట్టగట్టి మూడు రంగుల వెలుగులో కలిపేశారని అభిమానుల కోపం. కొందరు బయోవేర్ ఆఫీసుకి ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీమ్ పూసిన కప్‌కేకులు పంపారు. రంగులు మూడు, రుచి ఒక్కటే! ఇంకొందరు నిరసన పేరుతోనే జబ్బుపడ్డ పిల్లల కోసం 80 వేల డాలర్ల పైచిలుకు విరాళాలు పోగేశారు. చివరికి సంస్థ దిగొచ్చి జూన్ 26న ముగింపుని పొడిగించి ఉచితంగా ఇచ్చింది. ముగింపు మీద నాకూ అసంతృప్తి ఉంది గానీ, ఆ కప్‌కేకుల ఐడియా ఎవరిదో వాళ్లకి మాత్రం దణ్ణం పెట్టాలి.

చెల్లి ఇప్పుడు మూడో భాగం సగంలో ఉంది. ముగింపు గురించి ఎవరైనా నోరెత్తితే ఊరుకోనని ఫ్యామిలీ గ్రూప్‌లో నోటీసు పెట్టింది. నిన్న రాత్రి బావ పేరు పక్కన 'టైపింగ్' అని రెండుసార్లు వచ్చి పోయింది.