పోస్ట్ డాక్టోరల్ పరిశోధకులలో వైవిధ్యం – విశ్వవిద్యాలయాల బాధ్యత

పిహెచ్‌డి పూర్తయిన తరువాత, శాశ్వత పదవి లభించే వరకు ఒక ఆచార్యుని పర్యవేక్షణలో తాత్కాలికంగా పనిచేసేవారే పోస్ట్ డాక్టోరల్ పరిశోధకులు. వీరి వేతనం ప్రాజెక్టు నిధులపైన, భవిష్యత్తు చాలావరకు ఆ ఆచార్యుని సిఫారసుపైన ఆధారపడి ఉంటాయి. వివాహం, ప్రసవం, శిశుపోషణ తరచు ఈ వయసులోనే వస్తాయి. అందువల్ల మహిళలు, బలహీన వర్గాలవారు, కుటుంబంలో తొలిసారి ఉన్నత విద్యకు వచ్చినవారు ప్రతిభ ఉండి కూడా ఈ దశలో పరిశోధనకు దూరమయ్యే అవకాశం ఎక్కువ.

వ్యవసాయ పరిశోధనలో ఈ నష్టం వ్యక్తులతో ఆగదు. మన ప్రాంతంలో వరినాట్లు, కలుపుతీత అధికంగా మహిళల పనులు. కలుపు యాజమాన్య ప్రయోగాలు రూపొందించే బృందంలో ఆ పనిని దగ్గరగా ఎరిగినవారు లేకపోతే దిగుబడి, ఖర్చు లెక్కకు వస్తాయి; కూలి మహిళ కోల్పోయే పనిదినాలు, ఆమె శారీరక శ్రమ లెక్కకు రావు. ప్రశ్న వేసేవారు మారినప్పుడు కొలిచే అంశాలు కూడా మారుతాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1984లో మహిళలు, అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకుల కోసం ప్రెసిడెంట్స్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌ను ప్రారంభించింది. ప్రభుత్వ విద్యాసంస్థలలో జాతి, లింగ ప్రాతిపదికన ప్రాధాన్యం ఇవ్వడాన్ని 1996లో ఆ రాష్ట్ర ఓటర్లు నిషేధించిన తరువాత పథకాన్ని అందరికీ తెరిచి, సమాన అవకాశాల విస్తరణకు అభ్యర్థి చేయగల దోహదాన్ని ఎంపికలో పరిగణించారు. ఫెలోషిప్‌తోపాటు మార్గదర్శకత్వం కల్పించడం, ఫెలోలను అధ్యాపకులుగా నియమించుకొనే ప్రాంగణాలకు వేతన సహాయం అందించడం ఈ పథకంలోని విశేషాలు. ప్రవేశం కల్పించి వదిలివేయక, నియామకం వరకు దారి చూపడమే ఇందులో గ్రహించవలసిన అంశం.

మన దేశంలో జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ 35 ఏళ్ల వయోపరిమితిని మహిళలకు, దివ్యాంగులకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు 5 ఏళ్లు సడలించింది. ఇది అవసరమే కాని చాలదు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ క్రింది చర్యలు చేపట్టాలి.

1. ప్రతి ఖాళీని బహిరంగంగా ప్రకటించి, ఎంపిక ప్రమాణాలను ముందే తెలియజేయాలి.

2. ప్రసూతి సెలవు మేరకు ఫెలోషిప్ కాలాన్ని పొడిగించాలి. ప్రాజెక్టు ముగిసినా వేతనం ఆగకుండా ప్రత్యేక నిధి ఉంచాలి.

3. పరిశోధన క్షేత్రాలలో మరుగుదొడ్లు, సురక్షిత వసతి, రవాణా కల్పించాలి.

4. పర్యవేక్షక ఆచార్యునితో సంబంధం లేని రెండవ మార్గదర్శిని నియమించాలి.

మా తరం ఆచార్యులలో చాలామంది పరిచయస్తులు పంపిన అభ్యర్థులనే తీసుకొన్నాము. నేనూ అందుకు మినహాయింపు కాను. అందులో దురుద్దేశం లేకపోయినా, మా పరిచయాల పరిధిలో లేనివారికి మా వద్ద ఖాళీ ఉన్నదన్న సంగతే తెలియలేదు. కనుక ఈ విషయాన్ని ఆచార్యుల సద్భావనకు వదలక, నిబంధనలలో చేర్చడమే శ్రేయస్కరం.