నిండు గ్లాసు తొణుకుతుంది

"నిండుకుండ తొణకదు" అన్నారు పెద్దలు. హోటల్లో సర్వరుకు మాత్రం ఈ సామెత అక్కరకు రాదు. ఏడాదిగా సాయంత్రాలు ఒక టిఫిన్ హోటల్లో టీ, కాఫీలు అందిస్తూ మెస్ బిల్లు కట్టుకుంటున్నాను గనుక అనుభవంతోనే చెబుతున్నాను. అక్కడ గ్లాసు పగిలితే జీతంలో కోత. వేడి టీ పక్కనున్న పసివాడి మీద పడితే కోతతో పోయేది కాదు.

ఇంతకూ ద్రవం ఎందుకు తొణుకుతుంది? ఊయలకు ఉన్నట్లే కప్పులోని ద్రవానికీ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. మామూలు కప్పులో అది సెకనుకు సుమారు మూడు, నాలుగు ఊపులు. మన నడక సెకనుకు సుమారు రెండడుగులు. నడకలోని కుదుపుల్లో దీనికి రెట్టింపు పౌనఃపున్యం గలవీ ఉంటాయి. అవి ద్రవం ఊపుతో కలిస్తే అనునాదమే! అల పెరిగి అంచు దాటుతుంది. అమెరికాలో క్రెచెట్నికోవ్, మేయర్ అనే ఇద్దరు 2012లో దీన్ని పరిశోధించి, ఇగ్ నోబెల్ బహుమతి పొందారు. నవ్వించి, ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

ఇక ఆచరణ. గ్లాసులో వేలెడు వెలితి ఉంచాలి. అడుగు విసురుగా మొదలుపెట్టకూడదు. బరువైనవి ట్రే మధ్యలో పెడితే గరిమనాభి అరచేతి మీదికి వస్తుంది. దించేటప్పుడు ఒకే పక్క ఖాళీ చేయక, అటొకటి ఇటొకటి తీయాలి. ట్రేలో తడిగుడ్డ పరిస్తే ఘర్షణ పెరిగి గ్లాసులు జారవు.

కాఫీ మీది నురగ అందానికే కాదు. నాలుగైదు పొరల బుడగలున్నా చాలు, అల అణుగుతుందని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. మా తాత కావిడితో నీళ్లు తెచ్చేటప్పుడు బిందెల్లో ఆకుల రెమ్మ వేసేవాడు. అదీ అల్లాంటి ఉపాయమే!

అన్నిటికన్నా గొప్పది టీ కుర్రాళ్లు పట్టుకెళ్లే తీగ స్టాండు. పైనుంచి వేలాడుతుంది గనుక, కదలికకు తగ్గట్టు తానే వాలుతుంది. గ్లాసు, అందులోని ద్రవం కలిసే ఒరుగుతాయి. అందుకే అంత జోరుగా మెట్లెక్కినా టీ ఒలకదు.

విద్యార్థి మిత్రులారా! మనం పరీక్షలో రాసే అనునాదం, ఘర్షణ, గరిమనాభి ఆ కుర్రాడి చేతిలో రోజూ పనిచేస్తున్నాయి. ఈసారి హోటలుకెళ్లినప్పుడు "ఒరేయ్, టీ!" అనకండి. "తమ్ముడూ" అనండి. ఆ చేయి చదువుకున్న చేయే.