వ్యోమవిమానమునకు యజమానులిద్దరు

ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యవివేకమని మన పెద్దలు సామెతగా జెప్పిరి. 1957వ సంవత్సరమున సోవియట్టు రష్యా మొదటి ఉపగ్రహమును గగనమున కెత్తినది మొదలు చిరకాలము మానవుడు అంతరిక్షమున జేసిన ప్రయాణము లన్నియు నీ తీరుననే జరిగినవి. కోట్ల ధనము వెచ్చించి నిర్మించిన రాకెట్టు కొలది నిమిషములు మండి, ఉపగ్రహమును కక్ష్యలో విడిచి, తాను సముద్రము పాలగును. ధాన్యమును సంతకు జేర్చిన ప్రతిపర్యాయమును బండిని దహించు రైతు ఎన్నడు బాగుపడును? ఈ ప్రశ్నయే మరలివచ్చు వాహనముల యన్వేషణమునకు మూలము. రాకెట్టువలె నెగసి, రెక్కలతో విమానమువలె నేలకు దిగి, మరల ప్రయాణమునకు సిద్ధమగు వాహనమునకే వ్యోమవిమాన మని పేరు.

అయితే ఈ కోరిక వర్తకునికంటె ముందు సైనికునకే పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో యూజెన్ సెంగర్, ఐరీన్ బ్రెట్ అను శాస్త్రజ్ఞు లిట్టి విమానమునకు ప్రణాళిక వ్రాసిరి. దాని యుద్దేశ్యము ఖండాంతరమున బాంబు వేయుట. 1957లో అమెరికా వైమానికదళము డైనాసోర్ అను పేర నిట్టి యత్నమునే యారంభించినది. దానితో జేయవలసిన పని యేమని రక్షణమంత్రి మెక్‌నమారా ప్రశ్నింపగా సంతృప్తికరమైన సమాధానము దొరకలేదు. 1963 డిసెంబరులో ఆ ప్రయత్నము రద్దయ్యెను. ఒక్క విమానమైనను ఆకాశము జూడలేదు.

తరువాత వచ్చిన స్పేస్ షటిల్ చరిత్ర మనము శ్రద్ధతో జదువదగినది. 1970 ప్రాంతమున నాసా సంస్థకు ధనము చాలకుండెను. దేశముయొక్క ఉపగ్రహములన్నియు నీ వాహనముమీదనే పోవునని చెప్పినగాని ప్రభుత్వము సొమ్ము విడువదు. వైమానికదళము సమ్మతించినగాని యా మాట చెప్పుటకు వీలులేదు. సమ్మతికి వైమానికదళము తన వెలను జెప్పెను. సరకుగది 60 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉండవలెను. 65,000 పౌనుల బరువు మోయవలెను. అన్నిటిని మించి, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుండి ధ్రువముల మీదుగా నొక్క ప్రదక్షిణము చేసి వెంటనే బయలుదేరిన చోటికే దిగవలెను.

ఈ చివరి కోరిక వినుటకు స్వల్పము, తీర్చుటకు మహాకష్టము. ఒక ప్రదక్షిణమునకు సుమారు 90 నిమిషములు పట్టును. ఆలోపల భూమి తూర్పునకు తిరుగుచునే యుండును గనుక బయలుదేరిన స్థలము సుమారు 2,000 కిలోమీటర్లు ప్రక్కకు జరిగిపోవును. దానిని పట్టుకొనవలెనన్న విమాన మంత దూరము ప్రక్కకు జారి రావలెను. నాసా ఇంజనీర్లు మొదట దలచిన చిన్న రెక్క లిందులకు చాలవు. విశాలమైన త్రికోణపు రెక్కలు వచ్చినవి. రెక్కలతో బరువు పెరిగినది. వాయుమండలములో జారు కాలము పెరిగి తాపము హెచ్చినది. ఆ తాపమును ఆపుటకు 20 వేలకు మించిన పెంకులను వాహనమున కంటింపవలసి వచ్చినది. ప్రతి ప్రయాణమునకు పిమ్మట ఆ పెంకులను పరీక్షింపవలెను. ఏటేట నింటిపెంకులు సర్దించువారి కీ శ్రమ యెట్టిదో చెప్పనక్కరలేదు.

ఫలితమేమి? ఏటికి పదులకొలది ప్రయాణములు జరుగునని చెప్పిరి. ఏ సంవత్సరమునను 9కి మించలేదు. 1981 మొదలు 2011 వరకు జరిగినవి 135. మొత్తము వ్యయమును పంచి చూచినవారు ఒక్కొక్కదానికి సుమారు 150 కోట్ల డాలర్లు పడినవని లెక్కగట్టిరి. రెండు ప్రమాదములయందు 14 మంది మరణించిరి. 2003 ఫిబ్రవరి 1వ తేదీని మృతులైనవారిలో మన కర్నాలులో జన్మించిన కల్పనాచావ్లా యొకతె. ఇంతకును, ఏ ధ్రువప్రయాణము కొఱకు రెక్కలు పెంచిరో ఆ ప్రయాణ మొక్కటియు జరుగలేదు. వాండెన్‌బర్గ్‌లో అపారధనముతో గట్టిన వేదికనుండి షటిల్ ఒక్కసారియు నెగయలేదు. 1986లో ఛాలెంజర్ ప్రమాదమైన పిమ్మట వైమానికదళము పాతరాకెట్లకే మరలెను. కోరినవాడు తొలగిపోయెను, కోరిక మాత్రము వాహనమున కంటుకొని మిగిలెను.

ఈ వ్యయము లెక్కకు రాకుండుట జూచి సోవియట్టువారు దీనివెనుక యుద్ధరహస్య మేదో యుండునని శంకించి, అట్టి రూపముననే బురాన్ అను విమానమును నిర్మించిరి. 1988 నవంబరు 15వ తేదీని అది మనుష్యులు లేకుండ రెండు ప్రదక్షిణములు చేసి తనంతట దిగినది. అదియే దాని తొలియాత్ర, తుదియాత్ర.

ఇంత జరిగియు సైనికుల కీ యాశ యేల విడువలేదు? కారణము లేకపోలేదు. నేటి సేనలకు ఉపగ్రహములే కన్నులు, చెవులు. 2007లో చైనాయు, 2019 మార్చి 27న మన దేశమును తమ యుపగ్రహములనే అస్త్రముతో గూల్చి, ఆ కన్నులను పొడువవచ్చునని నిరూపించినవి. కూలిన యుపగ్రహమునకు బదులు మఱునాడే మఱియొకటి నిలుపగల శక్తి యెవరికి గలదో వారిదే పైచేయి. ఈ తలంపుతో అమెరికా రక్షణశాఖవారి డార్పా సంస్థ 2017లో బోయింగ్ కంపెనీకి ఒక వ్యోమవిమానపు పనిని అప్పగించినది. 10 దినములలో 10 ప్రయాణములు, ఒక్కొక్కదానికి 50 లక్షల డాలర్లు, 3,000 పౌనుల బరువు: ఇదియే గురి. 2018లో దాని యంత్రమును 10 దినములలో 10 పర్యాయములు మండించి చూచిరి, నెగ్గినది. కాని 2020 జనవరిలో కంపెనీ తప్పుకొనెను, విమానము పుట్టలేదు.

ఇందలి వింత గమనింపుడు. 2023 సెప్టెంబరులో అమెరికా అంతరిక్షసేన, ఆజ్ఞ వెలువడిన 27 గంటలలో ఒక యుపగ్రహమును కక్ష్యకు బంపినది. పంపినది ఒక్కసారికే పనికివచ్చు సామాన్యపు రాకెట్టు. మరల వాడుటయందును అంతే. స్పేస్ ఎక్స్ సంస్థ 2015 డిసెంబరులో రెక్కలులేని రాకెట్టు మొదటి దశను నిలువుగా నేలకు దింపినది. ఇట్లు దిగిన యొకదానిని 2017 మార్చిలో మరల నెగయించినది. సైనికునకు గావలసినది త్వర. వర్తకునకు గావలసినది చౌక. ఆ రెండును రెక్కలు లేకయే లభించినవి. రెక్కలు నిక్కముగా దెచ్చునది వేఱు: చాలకాలము పైనుండి, పరీక్షించిన వస్తువును పదిలముగ, గుట్టుగ నింటికి దెచ్చుట. అమెరికావారి ఎక్స్-37బి యను మనుష్యరహిత విమానము 2022 నవంబరులో 908 దినముల పిమ్మట దిగినది. చైనావారిది 2023 మేలో 276 దినములకు దిగినది. అవి పైన జేసిన పనులలో జగత్తునకు దెలిసినది కొంచెము. 1967నాటి అంతరిక్షసంధి కక్ష్యలో అణ్వస్త్రములను నిషేధించినదే కాని యిట్టి గుప్తయాత్రలను నిషేధింపలేదు. తెలియనిచోట అనుమానము మొలచును. బురాన్ పుట్టుక యట్టిదే.

ఇక మన మాట. ఆంధ్రతీరమునందలి శ్రీహరికోటనుండి 2016 మే 23వ తేదీని మన అంతరిక్ష పరిశోధనసంస్థ రెక్కల వాహనము నొకదానిని బంపినది. అది 65 కిలోమీటర్ల యెత్తున కేగి, శబ్దవేగమునకు అయిదురెట్ల వేగముతో మరలి, 450 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతము చేరినది. 2023లో నొకసారి, 2024లో రెండుసార్లు, చిత్రదుర్గ సమీపమున హెలికాప్టరు నాలుగున్నర కిలోమీటర్ల యెత్తునుండి విడువగా, ఇట్టి వాహనమే తనంతట దారి దిద్దుకొని నేలపై దిగినది. ఈ పరీక్షలకు మన వైమానికదళమును, రక్షణ పరిశోధనసంస్థయు దోడ్పడినవి. ఇది గర్వింపదగిన విషయము. పరుల ఉపగ్రహములపై నాధారపడు దేశమునకు స్వాతంత్ర్యము సగమే. రక్షణకు గావలసినదానిని రక్షణశాఖ కోరుటలో దోషము లేదు.

అయినను కక్ష్య కెక్కి మరలు తరువాతి మెట్టునకు ముందే ఒక నిర్ణయము కావలెను. ఈ వాహనము చౌకకొఱకా, త్వరకొఱకా, పైవస్తువును దెచ్చుటకొఱకా? అన్నిటికి నన్న యెడల రెండు పడవలపై గాలిడినవాని గతియే. పని నిర్ణయమైన పిమ్మటనే రెక్కల కొలత నిర్ణయము కావలెను. ఆ పని యేమో, దాని వ్యయ మెంతయో, గుట్టు చెడనంతమేర పార్లమెంటునకు దెలియవలెను. మూల్యము చెల్లించువాడు పన్ను గట్టు రైతు, వర్తకుడు.

2024లో మనవా రీ వాహనమునకు పుష్పకమని పేరిడిరి. పేరు చక్కనిది, కథయు స్మరణీయమే. పుష్పకము కుబేరునిది. రావణుడు బలిమిచే గొనెను. రాము డయోధ్యకు వచ్చుట కొక్కపర్యాయము వాడుకొని, పని తీరగనే సొంతదారునికడకు బంపివేసెను. వాహన మొక్కటే, యజమానినిబట్టి దాని పని మాఱినది. మన పుష్పకమునకు యజమాని యెవరో అది నేల విడువకముందే తేల్చుకొనుట మేలు.